పెద్ద యాంటీబయాటిక్‌కు మూడో రోజు పరీక్ష: ఆసుపత్రిలో రిజర్వు మందులను అదుపులో పెట్టే పద్ధతి

రాత్రి పదకొండు దాటాక ఐసీయూలో తరచూ వినిపించే మాట ఒకటుంది: "మెరో పెట్టేయండి, పొద్దున చూద్దాం." విజయవాడ సూర్యారావుపేటలోనైనా, గుంటూరు కొత్తపేటలోనైనా ఆసుపత్రి బోర్డు మారుతుందే గానీ ఈ మాట మారదు. మెరో అంటే మెరోపెనెమ్ అనే పెద్ద యాంటీబయాటిక్. ఇందులో మొదటి సగాన్ని నేను తప్పు పట్టను. బీపీ పడిపోతున్న మనిషికి గంటలోపు సరైన యాంటీబయాటిక్ ఎక్కాలి. ఆ సమయంలో చర్చలు పెట్టుకుని కూర్చోకూడదు. నా బాధంతా రెండో సగంతోనే. పొద్దున ఎవరూ చూడరు. రౌండ్స్‌లో కేస్ షీట్ మీద "సీఎస్‌టీ" అని మూడక్షరాలు పడతాయి, అంటే ఉన్న మందులే కొనసాగించమని. ఆ మూడక్షరాల మీదే మెరోపెనెమ్ పది రోజులు నడిచిన కేసులు చూశాను.

నేను గుంటూరులో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో మైక్రోబయాలజిస్టుని. ఏ మందు పనిచేయడం మానేస్తోందో ముందుగా తెలిసేది మా ల్యాబ్ బల్ల మీదే. క్లెబ్సియెల్లా అనే క్రిమిని పెంచిన ప్లేటులో మెరోపెనెమ్ బిళ్ల చుట్టూ ఒకప్పుడు పాత అర్ధరూపాయంత ఖాళీ వలయం కనిపించేది, అంటే మందు అంతమేర క్రిమిని పెరగనివ్వలేదని. ఇప్పుడు చాలా ప్లేట్లలో బిళ్ల అంచు దాకా క్రిమి పెరిగి ఉంటుంది. అలాంటి ప్లేటు చూసిన ప్రతిసారీ, ఆ రిపోర్టు కోసం వార్డు బయట కూర్చున్న వాళ్లు గుర్తొస్తారు.

వంద, రెండొందల పడకల ఆసుపత్రుల కోసం ఇది రాస్తున్నాను. అక్కడ ఇన్ఫెక్షన్ల స్పెషలిస్టు ఉండరు, ఉన్నవాళ్లతోనే నడపాలి. నడపొచ్చు. నేను నమ్మే సూత్రం ఒక్కటే: మందు మొదలుపెట్టడం సులువుగా ఉంచండి, కొనసాగించడం కష్టం చేయండి. చాలా చోట్ల తలకిందులుగా చేస్తారు. మొదటి డోసుకు ముగ్గురి సంతకాలు అడుగుతారు. ఆ తర్వాత ఎనిమిది రోజులు ఎవరూ పలకరించరు.

మొదటి మెట్టు: ఎర్ర జాబితా చిన్నదిగా రాసుకోండి

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017లో యాంటీబయాటిక్స్‌ను యాక్సెస్ (మొదట వాడదగ్గవి), వాచ్ (ఆచితూచి వాడాల్సినవి), రిజర్వ్ (చివరి ఆయుధంగా దాచుకోవాల్సినవి) అని మూడు గుంపులు చేసింది. అమాక్సిసిలిన్, డాక్సీసైక్లిన్, సెఫజోలిన్, అమికాసిన్ లాంటివి మొదటి గుంపులో ఉంటాయి. సెఫ్‌ట్రయాక్సోన్, అజిత్రోమైసిన్, పిప్‌టాజ్, మెరోపెనెమ్ రెండో గుంపు. కొలిస్టిన్, లైనజోలిడ్, టైగీసైక్లిన్, సెఫ్టజిడిమ్-అవిబాక్టమ్ మూడో గుంపు. ఈ జాబితాను ఉన్నదున్నట్టు తెచ్చి గోడకు అంటిస్తే సరిపోదు. మెరోపెనెమ్ అక్కడ వాచ్‌లో ఉంది కానీ మన ఐసీయూల్లో అది ఖర్చయ్యే తీరు చూస్తే మన ఎర్ర జాబితాలో, అంటే చీటీ రాసి అనుమతి తీసుకోవాల్సిన మందుల జాబితాలో, మొదటి పేరు దానిదే కావాలి. సెఫ్‌ట్రయాక్సోన్‌ను మాత్రం చేర్చకండి. రోజూ పాతికమందికి వాడే మందుకు చీటీ పెడితే వారం తిరక్కుండా సిస్టర్లు చీటీలు ముందే నింపి దొంతర పెట్టుకుంటారు. తప్పు వాళ్లది కాదు, జాబితాది.

మా జాబితాలో పది ఉన్నాయి: మెరోపెనెమ్, ఇమిపెనెమ్, కొలిస్టిన్, పాలీమిక్సిన్-బి, టైగీసైక్లిన్, లైనజోలిడ్, టీకోప్లానిన్, డాప్టోమైసిన్, సెఫ్టజిడిమ్-అవిబాక్టమ్, అజ్ట్రియోనమ్. డజను దాటనివ్వకండి.

ప్రతి పేరు పక్కన ఆ మందు ఎక్కడ పనిచేయదో ఒక వాక్యం రాయండి. ఎక్కడ పనిచేస్తుందో కంపెనీ ప్రతినిధులు ఎలాగూ చెబుతారు. టైగీసైక్లిన్ రక్తంలో పలచగా ఉంటుంది, మూత్రంలోకి తక్కువగా వస్తుంది, కాబట్టి రక్తంలో క్రిమి పెరిగిన కేసుకూ మూత్రం ఇన్ఫెక్షన్‌కూ దాన్ని నమ్ముకోకూడదు. డాప్టోమైసిన్‌ను ఊపిరితిత్తుల్లోని సర్ఫాక్టెంట్ అనే ద్రవపు పొర నిర్వీర్యం చేస్తుంది, న్యుమోనియాకు అది దండగ. సెఫ్టజిడిమ్-అవిబాక్టమ్ ఎంత ఖరీదైనదైనా ఎన్‌డీఎం ఎంజైము (మెరోపెనెమ్ లాంటి మందులను విరగ్గొట్టేది) ఉన్న క్రిమి మీద ఒంటరిగా పనిచేయదు, అజ్ట్రియోనమ్ తోడు కావాలి. మన దేశంలో ఎన్‌డీఎం బాగా ఎక్కువ కాబట్టి ఇది గుర్తుంచుకోవాల్సిన మాట. లైనజోలిడ్ రెండు వారాలు దాటితే ప్లేట్‌లెట్లు పడిపోవచ్చు. పైగా అది టీబీ క్రిమి మీద కూడా పనిచేస్తుంది, అంటే బయటపడని టీబీని కొన్నాళ్లు కప్పిపెట్టగలదు. కొలిస్టిన్ కిడ్నీలను దెబ్బతీయగలదు. దానికి డిస్క్ పరీక్ష, అంటే ప్లేటు మీద మందు బిళ్ల పెట్టి చూడటం, నమ్మదగింది కాదు, బ్రాత్ మైక్రోడైల్యూషన్ (ద్రవంలో వేర్వేరు మోతాదుల మందుతో క్రిమిని పెంచి చూసే పరీక్ష) చేయించాలి. మీ ల్యాబ్ కొలిస్టిన్‌కు డిస్క్ పెట్టి "సెన్సిటివ్" అని ఇస్తుంటే ముందు అది ఆపించండి.

రెండో మెట్టు: ఫోన్ ఎత్తే మనిషిని పెట్టండి

కమిటీ కావాలి, కాదనను. కానీ రాత్రి రెండింటికి కమిటీ ఫోన్ ఎత్తదు. ముగ్గురు చాలు: ఒక సీనియర్ ఫిజీషియన్ లేదా ఐసీయూ ఇన్‌ఛార్జి, మైక్రోబయాలజిస్టు, ఒక క్లినికల్ ఫార్మసిస్టు. ఫార్మ్-డీ (ఫార్మసీ డిగ్రీ) చదివిన పిల్లలు మన జిల్లాల్లో ఎంతోమంది ఉన్నారు. చాలా ఆసుపత్రులు వాళ్లను బిల్లింగ్ కౌంటర్లో కూర్చోబెడుతున్నాయి. ఒకరిని వార్డులోకి పంపండి, కిడ్నీ డోసులు సరిచూడటంలోనే వాళ్ల జీతం తిరిగొస్తుంది.

ముగ్గురికీ కలిపి ఒకే ఫోన్ నంబరు పెట్టి, వంతులు వేసుకోండి. సూపరింటెండెంటు లేదా ఎండీ సంతకంతో ఒక సర్క్యులర్ వెళ్లాలి. బయటి నుంచి వచ్చే విజిటింగ్ కన్సల్టెంట్లకూ ఇది వర్తిస్తుందని అందులో స్పష్టంగా రాయించండి. ఆ ఒక్క లైను లేకపోవడం వల్లే చాలా చోట్ల ఇది మొదటి నెలలోనే కూలిపోతుంది.

ఫోన్ ఇలా నడుస్తుంది.

"మేడమ్, ఏడో బెడ్‌కి మెరో కావాలి."

"చెప్పండి డాక్టర్, దేనికి?"

"ఫీవర్ తగ్గట్లేదు మేడమ్."

"జ్వరం ఎక్కడి నుంచి అనుకుంటున్నారు? ఛాతీయా, మూత్రమా, కడుపా, లైనా?"

ఇక్కడ అవతల కాసేపు మాట ఉండదు. ఆ డ్యూటీ డాక్టర్‌ను తక్కువ చేయడానికి అడిగే ప్రశ్న కాదు ఇది. ఆయన మళ్లీ బెడ్ దగ్గరికి వెళ్లి సెంట్రల్ లైన్ (పెద్ద నరంలోకి వేసిన గొట్టం) పెట్టిన చోటు చూస్తాడు, వీపు తిప్పి పుండు చూస్తాడు. సగం కేసుల్లో జవాబు అక్కడే దొరుకుతుంది. ఫోన్ ఎత్తినవాళ్లకు మేం పెట్టుకున్న నియమం: "వద్దు" అని ఒక్క మాటతో పెట్టేయకూడదు. వద్దంటే బదులు ఏం పెట్టాలో, ఎంత డోసో, ఏ పరీక్ష పంపాలో కూడా చెప్పాలి.

మూడో మెట్టు: అరపేజీ చీటీ

ఆన్‌లైన్ ఫారం అయినా, కాగితం అయినా అరపేజీ దాటొద్దు. అయిదు గడులు ఉంటే చాలు: ఇన్ఫెక్షన్ ఎక్కడ, కల్చర్ (క్రిమిని పెంచి చూసే పరీక్ష) ఏది ఎన్ని గంటలకు తీశారు, బరువు-క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే అంకె), మందు-డోసు, తిరిగి చూసే తేదీ. ఇన్ఫెక్షన్ ఎక్కడ అన్న గడిలో "సెప్సిస్" (ఇన్ఫెక్షన్ ఒంటినంతా దెబ్బతీయడం) అని ఒక్క మాట రాస్తే ఫార్మసీ దాన్ని వెనక్కి పంపాలి. యాంటీబయాటిక్ రాసేటప్పుడు ఎందుకు రాస్తున్నారో తప్పనిసరిగా నమోదు చేయమని కేంద్ర ఆరోగ్య సేవల డైరెక్టరేట్ జనరల్ 2024 జనవరిలో డాక్టర్లకు విజ్ఞప్తి చేసింది. కాబట్టి ఇది మన సొంత చాదస్తమేమీ కాదు.

సరిగ్గా నింపిన చీటీ ఇలా ఉంటుంది: "62 ఏళ్లు, 58 కిలోలు, క్రియాటినిన్ 1.9. కేథటర్ వల్ల మూత్రం ఇన్ఫెక్షన్, బీపీ 80/50. బ్లడ్ కల్చర్ రెండు సెట్లు 11.20కి, యూరిన్ కల్చర్ కొత్త కేథటర్ నుంచి. మెరోపెనెమ్ 1 గ్రాము, మొదటి డోసు 11.35కి. తిరిగి చూసేది 14వ తేదీ ఉదయం." రాయడానికి రెండు నిమిషాలు పట్టదు. తెల్లారి డ్యూటీకి వచ్చినవాళ్లకు కథంతా అర్థమవుతుంది.

నాలుగో మెట్టు: మొదటి డోసు ఆపొద్దు, కల్చర్ మరవొద్దు

ఐసీయూలో, క్యాజువాలిటీలో ఒక ఎర్ర డబ్బా పెట్టండి. జాబితాలోని ముఖ్యమైన మందులు ఒక రోజుకు సరిపడా అందులో ఉంటాయి. షాక్‌లో ఉన్న, అంటే బీపీ పడిపోయిన పేషెంటుకు డ్యూటీ డాక్టరే తీసి పెట్టేస్తాడు. చీటీ, ఫోన్ తర్వాత, కానీ ఇరవై నాలుగు గంటలు దాటకుండా. డబ్బా ఖాళీ అయితే చీటీ చూపించి నింపించుకోవాలి.

కల్చర్ విషయంలో అసలు అడ్డంకి జ్ఞానం కాదు, సీసాలు. రాత్రిపూట బ్లడ్ కల్చర్ బాటిళ్లు ల్యాబ్ బీరువాలో తాళంలో ఉంటే ఎవరు తీస్తారు? నాలుగు సెట్లు ఐసీయూలోనే ఉంచండి. పెద్దవాళ్లకు ఒక్కో బాటిల్‌లో 8 నుంచి 10 మిల్లీలీటర్ల రక్తం, రెండు వేర్వేరు చోట్ల నుంచి. రెండు మిల్లీలీటర్లు తీసి పంపితే క్రిమి ఉన్నా పెరగకపోవచ్చు. నింపిన బాటిల్‌ను ఫ్రిజ్‌లో పెట్టకండి, గది ఉష్ణోగ్రతలోనే ఉంచి వీలైనంత త్వరగా ల్యాబ్‌కు పంపండి. నరం దొరక్క ఆలస్యమవుతుంటే మందు ముందు ఎక్కించండి, కల్చర్ కోసం మనిషిని ఆపకండి.

అయిదో మెట్టు: మూడో రోజు ఉదయం

అసలు పని ఇక్కడే. మొదలుపెట్టి 48 నుంచి 72 గంటలయ్యేసరికి కల్చర్ రిపోర్టు వస్తుంది, జ్వరం ఎటు పోతోందో తెలుస్తుంది, స్కాన్ చేతిలో ఉంటుంది. ఫార్మసీ నుంచి రోజూ ఉదయం ఎర్ర జాబితా మందుల మీదున్న పేషెంట్ల పేర్లు, ఎన్నో రోజో తెప్పించుకోండి. మూడో రోజు వాళ్ల దగ్గరికి ముగ్గురిలో ఒకరు నడిచి వెళ్లాలి. ఫోన్‌లో అడిగితే "ఇంకా సిక్‌గానే ఉన్నారు మేడమ్" అంటారు. మంచం దగ్గర నిలబడితే వేరే సంగతి కనిపిస్తుంది.

ఒకసారి మిర్చి యార్డు హమాలీ ఒకతను మా దగ్గరికి వచ్చాడు, నలభై ఏళ్లుంటాయి. వేరే చోట అప్పటికే నాలుగు రోజులు మెరోపెనెమ్ ఎక్కించారు. జ్వరం 103కి తగ్గట్లేదు, ప్లేట్‌లెట్లు తక్కువ, లివర్ ఎంజైములు ఎక్కువ. ఉత్తరంలో "కొలిస్టిన్ కలపగలరు" అని రాసి ఉంది. చొక్కా పూర్తిగా విప్పించి చూస్తే కుడి చంకలో, వెంట్రుకల పక్కన, సిగరెట్‌తో కాల్చినట్టు నల్లటి పెచ్చు. నొప్పి లేదు కాబట్టి అతను ఎవరికీ చెప్పలేదు. అది స్క్రబ్ టైఫస్, పొదల్లోని చిన్న పురుగు కుట్టడం వల్ల వచ్చే జ్వరం. ఆ క్రిమి కణం లోపల బతుకుతుంది, మెరోపెనెమ్ దాని మీద అసలు పనిచేయదు. డాక్సీసైక్లిన్ 100 మిల్లీగ్రాములు రోజుకు రెండుసార్లు ఇచ్చాం. రెండు రోజుల్లో జ్వరం దిగింది, మూడో రోజు లేచి కూర్చుని ఇడ్లీ తిన్నాడు. పెద్ద మందు అంటే అన్నిటికీ మందు అనే భ్రమ ఇలాగే ప్రాణం మీదికి తెస్తుంది.

మూడో రోజు నాలుగే నిర్ణయాలు. ఇన్ఫెక్షనే కాదని తేలితే ఆపేయడం. కల్చర్‌లో చిన్న మందుకు లొంగే క్రిమి వస్తే దానికి దిగడం, దీన్నే స్టెప్ డౌన్ అంటాం. నోటితో తినగలుగుతుంటే మాత్రలకు మార్చడం. కొనసాగించాల్సిందే అయితే ముగింపు తేదీ రాయడం. ముగింపు తేదీ లేని కొనసాగింపును ఒప్పుకోకండి. వెంటిలేటర్ న్యుమోనియాకు మామూలుగా 7 రోజులు చాలు. కడుపులో చీము పూర్తిగా తీసేశాక 4 రోజులు సరిపోతుందని 2015లో వచ్చిన పెద్ద అధ్యయనం చూపించింది. పద్నాలుగు రోజుల కోర్సు చాలా జబ్బులకు అలవాటు కొద్దీ రాస్తున్నదే.

రిపోర్టు చదవడంలోనే మోసపోయే చోట్లున్నాయి. ఒక్క బాటిల్‌లో మాత్రమే కోయాగ్యులేజ్ నెగెటివ్ స్టాఫ్ వస్తే అది తరచూ చర్మం నుంచి వచ్చిందే, దానికి టీకోప్లానిన్ అక్కర్లేదు. కఫంలో క్యాండిడా కనిపించినంత మాత్రాన ఫంగస్ మందు పెట్టకూడదు. లక్షణాలేమీ లేకుండా కేథటర్ మూత్రంలో పెరిగిన క్రిమికి వైద్యం చేయనక్కర్లేదు, గర్భిణులకూ, మూత్రనాళాల సర్జరీకి వెళ్లేవాళ్లకూ తప్ప.

దీనికి వ్యతిరేక దిశలో తప్పకుండా చెప్పాల్సింది ఒకటుంది. మన వరి పొలాల మట్టిలో, నీటిలో బతికే బర్ఖోల్డేరియా క్రిమి వల్ల మెలియాయిడోసిస్ వస్తుంది, ముఖ్యంగా షుగర్ ఉన్నవాళ్లకు. దానికి మెరోపెనెమ్ గానీ సెఫ్టజిడిమ్ గానీ కనీసం 10 నుంచి 14 రోజులు నరంలోకి వెళ్లాలి, తర్వాత కనీసం మూడు నెలలు కోట్రైమోక్సజోల్ మాత్రలు. ఇక్కడ అయిదో రోజు ఆపేస్తే మనిషి పోతాడు. కొన్ని ల్యాబ్‌లు ఈ క్రిమిని "సూడోమోనాస్ జాతి" అని రాసి వదిలేస్తాయి. జెంటామైసిన్‌కూ కొలిస్టిన్‌కూ లొంగని అలాంటి క్రిమి షుగర్ పేషెంటులో కనిపిస్తే ల్యాబ్‌కు ఫోన్ చేసి మళ్లీ చూడమనండి. అదుపు అంటే అందరికీ తగ్గించడం కాదు, అవసరమైనవాళ్లకు పూర్తిగా ఇవ్వగలగడం కూడా.

ఇంకో జాగ్రత్త. మేం మొదటి ఏడాది కంప్యూటర్లో 72 గంటలకు ఆర్డరు దానంతటదే ఆగిపోయేలా పెట్టాం. ఒక ఆదివారం నిజంగా లైనజోలిడ్ కావాల్సిన పేషెంటుకు ఆర్డరు ఆగిపోయింది. రెండు డోసులు పడలేదు, సోమవారం ఉదయం దాకా ఎవరూ గమనించలేదు. అదృష్టం కొద్దీ ఆవిడకు ఏమీ కాలేదు గానీ ఆ సోమవారం టెన్షన్ ఇప్పటికీ మరవలేను. అప్పటినుంచి ఆర్డరు దానంతటదే ఆగదు. గడువుకు పన్నెండు గంటల ముందు ఫార్మసీ డ్యూటీ డాక్టర్‌కు ఫోన్ చేస్తుంది, జవాబు వచ్చేదాకా డోసు కొనసాగుతుంది. ఎవరు జవాబివ్వలేదో మర్నాడు పేరుతో బయటపడుతుంది.

ఆరో మెట్టు: ఫార్మసీ, లెక్క

2014 మార్చి 1 నుంచి షెడ్యూల్ హెచ్1 (అమ్మకం లెక్క విడిగా రాయాల్సిన మందుల చట్టబద్ధ జాబితా) అమల్లో ఉంది. మెరోపెనెమ్, ఇమిపెనెమ్, సెఫ్‌ట్రయాక్సోన్ లాంటివి అమ్మితే డాక్టరు పేరు-చిరునామా, పేషెంటు పేరు, మందు, పరిమాణం వేరే రిజిస్టరులో రాసి మూడేళ్లు దాచాలి. ఆ రిజిస్టరు డ్రగ్ ఇన్‌స్పెక్టర్ కోసం మాత్రమే అనుకోకండి. దానికి "ఎన్నో రోజు" అని ఒక గడి కలిపితే మీ మూడో రోజు జాబితా అక్కడి నుంచే తయారవుతుంది. వార్డుకు మందు ఒక రోజుకు సరిపడా మాత్రమే ఇవ్వండి. అయిదు రోజుల వయల్స్ ఒకేసారి ఇండెంట్ పెట్టించుకుంటే, కొన్నాం కదా అని పూర్తయ్యేదాకా ఎక్కిస్తారు.

నెలకోసారి లెక్క తీయండి. మెరోపెనెమ్‌కు ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన రోజువారీ ప్రమాణ డోసు 3 గ్రాములు. నెలలో 1 గ్రాము వయల్స్ 420 వాడారనుకోండి, 420ని 3తో భాగిస్తే 140. ఆ నెల పేషెంట్లు ఉన్న పడక-రోజులు 2,800 అయితే, 140ని 2,800తో భాగించి వెయ్యితో గుణిస్తే 50. ప్రతి వెయ్యి పడక-రోజులకు 50 ప్రమాణ డోసులన్నమాట. అర గ్రాము వయల్స్‌ను సగంగా లెక్కించాలి. మీ అంకెను పక్క ఆసుపత్రితో పోల్చకండి, వాళ్ల పేషెంట్లు వేరు. మీదే పోయిన నెలతో పోల్చుకుని డ్యూటీ రూములో అంటించండి. డాక్టర్ల పేర్లతో కాదు, వార్డుల వారీగా.

యాజమాన్యం దగ్గర ఒక మాట వస్తుంది: ఫార్మసీ ఆదాయం తగ్గుతుందని. సూటిగా మాట్లాడండి. ఎన్టీఆర్ వైద్య సేవ కేసుల్లో ప్యాకేజీ మొత్తం ముందే నిర్ణయమై ఉంటుంది, అక్కడ అనవసరంగా ఎక్కిన ప్రతి వయల్ ఆసుపత్రి జేబులోంచే పోతుంది. నగదు పేషెంట్ల విషయంలో నా అభిప్రాయం దాచుకోను: ఒక కుటుంబం పుస్తెలు కుదువబెట్టి తెచ్చిన డబ్బుతో అక్కర్లేని మందు అమ్మడం తప్పు.

సర్జన్లతో మాత్రం ఎర్ర జాబితా గురించి మొదలుపెట్టకండి. కోతకు ముందు ఇచ్చే డోసు గురించి మొదలుపెట్టండి. ఎక్కువ ఆపరేషన్లకు కోత పెట్టడానికి ముందు గంటలోపు సెఫజోలిన్ 2 గ్రాములు ఒక్క డోసు సరిపోతుంది, ఏదేమైనా 24 గంటలు దాటకూడదు. దీన్ని ఒక్క సర్జన్ మూడు నెలలు పాటించి, తన కుట్లు బాగానే మానాయని తనే చెబితే మిగతావాళ్లు వింటారు. నేను పదిసార్లు చెప్పినా అంత పనిచేయలేదు.

చివరి మెట్టు: డిశ్చార్జి కాగితం

ఆసుపత్రిలో ఇంత కష్టపడి ఆపిన మందు ఊళ్లో మళ్లీ మొదలవుతుంది. జ్వరం కాస్త వెచ్చగా తగిలితే పేషెంటు ఆర్‌ఎంపీ దగ్గరికి వెళ్తాడు, ఆయన కాగితంలో చివరి ఇంజెక్షన్ పేరు చూసి అదే పెడతాడు. అందుకే డిశ్చార్జి సమ్మరీలో మందు పేరు, మొదలుపెట్టిన తేదీ, ఆపిన తేదీ, ఆపిన కారణం, కల్చర్‌లో వచ్చిన క్రిమి పేరు రాయండి. కింద తెలుగులో రెండు వాక్యాలు చేర్చండి: "యాంటీబయాటిక్ ఇంజెక్షన్ కోర్సు పూర్తయింది. మళ్లీ జ్వరం వస్తే ఈ ఇంజెక్షన్ వేయించుకోకుండా ముందు ఈ నంబరుకు ఫోన్ చేయండి." ఇచ్చేటప్పుడు పేషెంటుతో వచ్చినవాళ్ల చేత ఆ రెండు వాక్యాలు పైకి చదివించండి. చదువు రానివాళ్లయితే సిస్టర్ చదివి వినిపించి, ఆ ఫోన్ నంబరును అక్కడికక్కడే వాళ్ల ఫోన్లో వేసి పంపాలి.